క్యారవాన్‌లో టీవీ: నెల్లూరు, ఒంగోలు దారుల్లో ఏ ఏర్పాటు గిట్టుబాటు?

టెంపో ట్రావెలర్‌లో మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించి ఇల్లుగా మార్చుకున్న కుటుంబాలున్నాయి. జీపు వెనక తగిలించుకునే ట్రెయిలర్ కొన్నవాళ్లున్నారు. రొయ్యల గుంటల గట్టు మీద చక్రాల షెడ్డులో నెలల తరబడి కాపలా ఉండేవాళ్లున్నారు. బండి ఏదైనా, పొద్దుగూకేసరికి అందరూ అడిగేది ఒకటే. వార్తలు, క్రికెట్టు, పిల్లలకు ఏదో ఒక సినిమా, ఇవి తక్కువ ఖర్చులో ఎలా వస్తాయి? తీరం వెంట మైపాడు, కొత్తపట్నం, లోపలికి పోతే పెంచలకోన, సోమశిల, ఉదయగిరి లాంటి చోట్లను మనసులో పెట్టుకుని, మార్కెట్లో దొరికే ఏర్పాట్లను పక్కపక్కన పెట్టి చూసిన సమీక్ష ఇది.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఎక్కువమందికి సరిపోయేది దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్, డీడీ ఫ్రీ డిష్. 60 సెంటీమీటర్ల డిష్, నేల మీద నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు, ఎంపెగ్-4 (కొత్త వీడియో పద్ధతి) బాక్సు, 12 వోల్టులతో నడిచే 24 అంగుళాల టీవీ ఉంటే చాలు. టీవీ కాకుండా మిగతావన్నీ కలిపి రెండున్నర, మూడు వేల రూపాయల్లో వచ్చేస్తాయి. ఆ తర్వాత నెలవారీ కట్టేది ఏమీ లేదు. దానికి తోడుగా ఫోన్ డేటా ఉంచుకోవాలి. నెలనెలా రీఛార్జ్ చేసే డీటీహెచ్ కొందరికే అవసరం. కప్పు మీద పెట్టే పాతకాలపు యాంటెన్నా మాత్రం ఎవరికీ వద్దు.

యాంటెన్నా ఎందుకు వద్దు

అమెరికా క్యారవాన్ల వీడియోల్లో కప్పు మీద చిన్న యాంటెన్నా లేపగానే ముప్ఫై, నలభై ఛానళ్లు ఉచితంగా వస్తుంటాయి. అక్కడ ఊరూరా ప్రైవేటు ఛానళ్లు కూడా టవర్ల నుంచి డిజిటల్‌లో ప్రసారం చేస్తాయి. అవి చూసి ఇక్కడ ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందలు పెట్టి 'హెచ్‌డీ యాంటెన్నా' తెప్పించుకునేవాళ్లు ఉన్నారు. ఆ డబ్బు దండగ. మన దేశంలో టవర్ నుంచి టీవీ ప్రసారం చేసేది దూరదర్శన్ ఒక్కటే. దాని అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 నాటికి దాదాపు అన్నీ మూతబడ్డాయి. డిజిటల్ టెరెస్ట్రియల్, అంటే టవర్ల నుంచి డిజిటల్ ప్రసారం, 2016లో చెన్నై, బెంగళూరు లాంటి కొన్ని పెద్ద నగరాల్లోనే మొదలైంది. చెన్నై టవర్ నెల్లూరు దాకా అందదు. డబ్బా మీద 200 కిలోమీటర్ల రేంజ్ అని రాసి ఉన్నా, పట్టుకోవడానికి గాలిలో సిగ్నల్ ఉంటే కదా. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు కాబట్టి మేం గట్టిగా చెబుతున్నాం.

ఫ్రీ డిష్‌లో ఏమొస్తుంది, ఏం రాదు

ప్రసార భారతి 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలుపెట్టిన సేవ ఇది. ఇప్పుడు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తోంది. కనెక్షన్ ఎవరి పేరునా ఉండదు, చిరునామా అడగరు. బండి ఈ రోజు కావలిలో, రేపు కర్నూలులో ఉన్నా ఎవరికీ చెప్పనక్కర్లేదు. తిరిగే బండికి ఇంతకంటే అనువైన పద్ధతి ఇంకోటి లేదు.

తెలుగు విషయంలో మాత్రం ఆశలు తగ్గించుకోవాలి. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి. జెమిని, మా, జీ తెలుగు లాంటి పే ఛానళ్లు ఇందులో ఉండవు. ప్రైవేటు ఛానళ్లు వేలంలో స్లాట్ కొనుక్కుని చేరతాయి. ఆ జాబితా ఏటా మారుతుంది, అందులో హిందీదే పైచేయి. రోజూ సీరియల్ తప్పకూడదనుకునే ఇంటికి ఇది ఒక్కటే చాలదు. పాఠశాల పాఠాల పీఎం ఈ-విద్య ఛానళ్లు, ఆకాశవాణి రేడియో స్టేషన్లు అదనం. రాత్రి లైట్లు తీసేసి టీవీ తెర కట్టేసి రేడియో వినడం బ్యాటరీకి కూడా మేలు.

క్రికెట్ చూసేవాళ్లకు ఒక లాభముంది. 2007 నాటి చట్టం ప్రకారం, ప్రసార హక్కులు కొన్న సంస్థ జాతీయ ప్రాధాన్యమున్న మ్యాచ్‌ల సిగ్నల్‌ను ప్రసార భారతితో పంచుకోవాలి. అలా పంచుకున్న సిగ్నల్ దూరదర్శన్ సొంత టెరెస్ట్రియల్, సొంత డీటీహెచ్‌లలోనే రావాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే డీడీ స్పోర్ట్స్‌లో భారత్ మ్యాచ్ ఉన్న రోజు ఫ్రీ డిష్‌లో ఆట కనిపిస్తుంది. అదే ఛానల్ ప్రైవేటు డీటీహెచ్‌లో పెడితే ఇంకేదో కార్యక్రమం వస్తుంటుంది.

బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4 అని రాసి ఉందో లేదో చూడండి. మూడు నాలుగు వందలు తక్కువని ఎంపెగ్-2 తీసుకుంటే సగం ఛానళ్లు దానికి అందవు. పైగా వాటిలో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, పాత మూడు రంగుల వైర్లే. మీ టీవీ వివరాల పట్టికలో ఉపగ్రహ సిగ్నల్‌ను నేరుగా పట్టే డీవీబీ-ఎస్2 ట్యూనర్ ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి. ఉంటే డిష్ కేబుల్ నేరుగా టీవీకే తగిలించవచ్చు. బాక్సు, దాని రిమోటు, దాని కరెంటు మూడూ మిగులుతాయి.

డిష్ ఎటు చూడాలి

కొనడం తేలిక. దాన్ని ఆకాశంలో సరైన చోటికి తిప్పడం దగ్గరే చాలామంది ఓపిక అయిపోతుంది. మన ప్రాంతానికి లెక్క కట్టి ఇస్తున్నాం.

జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది. నెల్లూరు నుంచి చూస్తే అది ఉత్తరం నుంచి కుడివైపుగా 136 డిగ్రీల దిశలో, నేల మట్టం నుంచి 67 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఒంగోలు నుంచి 138 డిగ్రీల దిశ, 66 డిగ్రీల ఎత్తు. అంటే ఇంచుమించు నిక్కచ్చిగా ఆగ్నేయ మూల. రెండు ఊళ్ల మధ్య నూట ఇరవై కిలోమీటర్ల దూరమున్నా తేడా ఒకటి రెండు డిగ్రీలే. అందుకే ఎత్తు బోల్టును ఒకసారి సరిగ్గా బిగించి, పక్కన గోళ్ల రంగుతో గీత పెట్టుకుంటే, ఆ తర్వాత ఈ దారుల్లో ఏ ఊళ్లో ఆగినా ఎత్తు ముట్టుకోనక్కర్లేదు. పక్కకు తిప్పుకుంటే చాలు. స్టాండు కడ్డీ నిటారుగా ఉన్నంతవరకే ఈ మాట నిజం. కడ్డీ రెండు డిగ్రీలు వాలితే గీతకు విలువ లేదు. చిన్న రసమట్టాన్ని కడ్డీకి రెండు వైపులా ఆనించి చూసి, కాళ్ల కింద పలక ముక్కలు పెట్టి సరిచేయండి.

డిష్ ముఖం 67 డిగ్రీలు పైకి చూస్తున్నట్టు కనిపించదు, కంగారు పడకండి. మన ఇళ్ల మీద ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు. సిగ్నల్ వాటి ముఖానికి ఎదురుగా కాకుండా సుమారు 24 డిగ్రీలు పైనుంచి వచ్చి పడుతుంది. కాబట్టి ముఖం 43 డిగ్రీల వాలులో ఉంటే అది 67 డిగ్రీల ఆకాశాన్ని చూస్తున్నట్టే. వెనక బ్రాకెట్ మీద ముద్రించిన అంకెలు చాలా డిష్‌లలో ఈ లెక్క కలుపుకునే ఉంటాయి. కానీ చవక రకాల్లో మూడు నాలుగు డిగ్రీలు తప్పు చూపడం మామూలే, వాటిని మొదలు పెట్టడానికే వాడుకోండి.

మూడో కోణాన్ని ఎక్కువమంది వదిలేస్తారు. డిష్ ముందుకు చాచిన చేతి చివర ఉండి సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీని కూడా తిప్పాలి. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తే, ఎల్‌ఎన్‌బీ నుంచి కిందికి వేలాడే కేబుల్ మూతి ఆరు గంటల దగ్గర కాకుండా నాలుగున్నర దగ్గర ఉండాలి. అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో సుమారు 42 డిగ్రీలు. ఇది తప్పితే అసలేమీ రాకపోవడం జరగదు, అందుకే మోసం చేస్తుంది. కొన్ని ఛానళ్లు బాగా వస్తాయి, కొన్ని గళ్లుగళ్లుగా విరిగిపోతాయి, మనం కేబుల్ మీద అనుమానపడుతూ కూర్చుంటాం.

ఇక తిప్పే పద్ధతి. ఫోన్ కంపాస్‌ను బండి పక్కన పట్టుకోకండి, ఇనుప బాడీ ముల్లును లాగేస్తుంది. మూడు నాలుగు మీటర్లు దూరం జరిగి 136 డిగ్రీల దిశ చూసుకుని, ఆ వైపు దూరంగా ఉన్న చెట్టునో స్తంభాన్నో గురుతు పెట్టుకోండి. బాక్సులో శాటిలైట్ సెట్టింగ్ తెరిచి, ఎల్‌ఎన్‌బీ యూనివర్సల్ 9750/10600, ఫ్రీక్వెన్సీ 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టండి. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి. మొదటిది స్ట్రెంగ్త్. ఎల్‌ఎన్‌బీకి కరెంటు వెళ్తే చాలు, డిష్ గోడ వైపు చూస్తున్నా అది సగం దాకా పెరుగుతుంది. చూడాల్సింది రెండోది, క్వాలిటీ. డిష్‌ను గురుతుకు పది డిగ్రీలు ఎడమగా మొదలుపెట్టి కుడివైపు నెమ్మదిగా, ఒక్కో డిగ్రీ చొప్పున కదిపి, ప్రతిసారీ మూడు సెకన్లు ఆగండి. ఆ ఆగడమే ముఖ్యం. బాక్సు సిగ్నల్‌ను గుర్తుపట్టడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. చెయ్యి ఆగకుండా తిప్పేవాళ్లు సరైన చోటు మీదుగానే దాటిపోయి, డిష్ పాడైందనుకుంటారు.

క్వాలిటీ లేచినా ఛానళ్లు దొరకకపోతే పక్కింటి తలుపు తట్టారన్నమాట. 91.5 డిగ్రీల దగ్గర సన్ డైరెక్ట్ వాడుకునే మీశాట్, 95 డిగ్రీల దగ్గర డిష్ టీవీ ఉపగ్రహాలు ఉన్నాయి. 60 సెంటీమీటర్ల డిష్ చూపు సుమారు మూడు డిగ్రీల వెడల్పు ఉంటుంది కాబట్టి ఈ పొరపాటు తేలికగా జరుగుతుంది. నెల్లూరులో 91.5ది 141 డిగ్రీల దిశ, 95ది 133. మన ఉపగ్రహం ఆ రెంటి మధ్యలో ఉంది. సిగ్నల్ వెతకడానికి మూడు వందల రూపాయలకు దొరికే ముల్లు మీటరు ఈ మూడింటిలో దేనికైనా కూతపెడుతుంది, పేరు చెప్పలేదు. దాన్ని దిశ దగ్గరికి చేరడానికి వాడుకుని, చివరి సర్దుబాటు బాక్సు తెర మీదే చేయండి.

అంత ఎత్తున ఉపగ్రహం ఉండటం మనకు వరం. ఎదురుగా ఉన్న అడ్డు ఎత్తులో సగం దూరం జరిగితే డిష్ దాన్ని దాటి చూడగలదు. 15 మీటర్ల కొబ్బరిచెట్టుకు లెక్క ప్రకారం ఆరున్నర మీటర్లు చాలు, మట్టలు పక్కకు విరుచుకుంటాయి కాబట్టి పది మీటర్లు వదలండి. బండి పక్కనే పెట్టాల్సి వస్తే కూడా ఒక మీటరు ఎడం ఉంటే బండి కప్పు అడ్డం రాదు. పెంచలకోనలో చుట్టూ కొండలున్నాయని బెంగ వద్దు, 67 డిగ్రీల దాకా ఆకాశాన్ని మూసే కొండ కింద ఎవరూ బండి నిలపరు. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో అయితే ఆగ్నేయమంటే సముద్రమే, అడ్డనే మాటే లేదు. తీరం వెంట జాగ్రత్త పడాల్సింది సరుగుడు తోటల దగ్గర. నీడ బాగుంటుందని తోట లోపల బండి పెడితే సిగ్నల్ ఆకుల్లోనే ఇంకిపోతుంది, వాన తడి ఉన్నప్పుడు మరీను. బండి నీడలో పెట్టి, డిష్‌ను కేబుల్ అందినంత దూరం ఎండలోకి తీసుకెళ్లండి. కప్పు మీద బిగించిన డిష్ కంటే నేల మీద స్టాండు మేలని మేం అనడానికి మొదటి కారణం ఇదే. రెండో కారణం, రేకు కప్పుకు నాలుగు బోల్టు రంధ్రాలు పెడితే కార్తీక మాసపు వానకు ఆ నాలుగు చోట్లా కారడం.

నడిచే బండిలో టీవీ రావాలంటే ఉపగ్రహాన్ని వెంటాడే మోటారు డిష్ కావాలి. దాని ధర లక్షల్లో ఉంటుంది, ఈ సమీక్ష చదివేవారి బడ్జెట్‌కు అది బయటి సంగతి. మామూలు డిష్ బండి ఆగాకే పనిచేస్తుంది.

గాలి, ఉప్పు, వాన

గంటకు 60 కిలోమీటర్ల గాలి 60 సెంటీమీటర్ల డిష్ మీద ఐదారు కిలోల బరువుతో తోస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి అంత ఉండకపోయినా, వేసవిలో ఉన్నట్టుండి లేచే గాలిదుమ్ముకు ఖాళీ స్టాండు తప్పకుండా పడుతుంది. పడితే ముందు విరిగేది ఎల్‌ఎన్‌బీ చెయ్యి. 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ను స్టాండు మధ్యలో తాడుతో వేలాడదీయండి, దించేటప్పుడు ఆ నీళ్లు వాడుకోవచ్చు. ఇసుకలో కాళ్లు దిగబడకుండా ఒక్కో కాలు కింద అరచేతి వెడల్పు చెక్క ముక్క వేయాలి. లేకపోతే రాత్రి పదింటికి బాగున్న సిగ్నల్ పొద్దున్నకల్లా పోతుంది.

తీరంలో ఉప్పుగాలి అన్నింటికంటే ముందు తినేది కేబుల్ చివర ఎఫ్ కనెక్టర్‌ను. చవక ఆర్‌జీ-6 కేబుల్‌లో మధ్య తీగ ఇనుము, పైన రాగి పూత. కోసిన చివర ఆ పూత ఉండదు, అక్కడినుంచి తుప్పు మొదలవుతుంది. లోపలికి చూస్తే ఆకుపచ్చటి పొడి కనిపిస్తుంది. కొనేటప్పుడు కేబుల్ పది మీటర్లు తీసుకుని, రెండు చివరలా కనెక్టర్లు కొత్తగా వేయించుకోండి. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి రావాలి. చుట్టూ ఉండే జల్లెడ తీగ పోగు ఒక్కటి మధ్య తీగకు తగిలినా షార్ట్ అవుతుంది. బాక్సు 'ఎల్‌ఎన్‌బీ షార్ట్' అని చూపుతుంది, రక్షణ లేని చవక బాక్సు అయితే కాలిపోతుంది. ఆ పోగులను వేలితో వెనక్కి మడిచి, వెలుతురులో పెట్టి చూసుకున్నాకే బిగించండి. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్ కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేట్టు వదిలితే వాన నీళ్లు ఆ వంపులోనుంచి కారిపోతాయి, మూతిలోకి పోవు. పైన రబ్బరు సాగుడు టేపు చుట్టండి. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు మన మే నెల ఎండకు బంక కారి ఊడిపోతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో భారీ వాన పడుతుంటే బొమ్మ ఆగిపోవడం సహజం. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చుక్కలు మింగేస్తాయి. పది, ఇరవై నిమిషాల్లో అదే తిరిగి వస్తుంది, ఆ సమయంలో డిష్ కదపకండి. వానలోనూ తెగకూడదనుకుంటే 75 లేదా 90 సెంటీమీటర్ల డిష్ కొంత ఆదుకుంటుంది. కానీ బండిలో దాన్ని దాచే చోటు, గాలికి నిలిపే బరువు రెండూ పెరుగుతాయి. తిరిగే బండికి 60 చాలనే మా అభిప్రాయం. తుపాను హెచ్చరిక ఉన్న రోజు డిష్ విప్పి లోపల పెట్టేయండి.

మార్చి రెండో వారంలోనూ, సెప్టెంబరు చివర్లోనూ కొన్ని రోజులపాటు పగలు 11 గంటల ప్రాంతంలో కొద్ది నిమిషాలు సిగ్నల్ పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చే సమయమది, డిష్ తప్పు కాదు.

కరెంటు లెక్క

బండిలో 230 వోల్టుల టీవీ, దానికి ఇన్వర్టరు పెట్టించడం అందరూ చేసే పని. అది అవసరం లేదు. 24 అంగుళాల టీవీల్లో చాలావాటికి బయట అడాప్టరు ఉంటుంది, దాని మీద '12 వోల్టులు, 3 ఆంపియర్లు' అని రాసి ఉంటే ఆ టీవీ బ్యాటరీతోనే నడుస్తుందన్నమాట. ఫ్రీ డిష్ బాక్సుల్లోనూ 12 వోల్టుల అడాప్టరువి దొరుకుతాయి. కొనేముందు అడాప్టరు తిప్పి చదవండి, 5 వోల్టులదైతే వేరే కన్వర్టరు కావాలి. 32 అంగుళాల టీవీల్లో ఎక్కువగా కరెంటు బోర్డు లోపలే ఉంటుంది, నేరుగా 230 అడుగుతుంది.

టీవీ 30 వాట్లు, ఎల్‌ఎన్‌బీతో కలిపి బాక్సు 10 వాట్లు అనుకుంటే 40 వాట్లు. 12 వోల్టుల దగ్గర అది 3.3 ఆంపియర్లు, నాలుగు గంటలు చూస్తే 13 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలన్న నియమం పాటించినా మూడు రాత్రులు వస్తుంది. ఇన్వర్టరు మీదుగా అయితే అదే పనికి 16, 17 అవుతుంది. ఇది బండి స్టార్ట్ చేసే బ్యాటరీ మీద కాకుండా ఇంటి సామానుకు వేరుగా పెట్టిన బ్యాటరీ మీద ఉండాలని ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదనుకుంటాం.

అయితే బ్యాటరీని టీవీకి నేరుగా కలపకండి. 12 వోల్టుల బ్యాటరీ అన్నది పేరుకే. ఇంజను నడుస్తుంటే 14.4 దాకా పోతుంది, బాగా దిగినప్పుడు 11కు వస్తుంది. ఎక్కువైతే టీవీ బోర్డు పోతుంది. తక్కువైతే బాక్సు ఎల్‌ఎన్‌బీకి పంపాల్సిన 13, 18 వోల్టులను తయారుచేయలేక, ఛానల్ మార్చగానే ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటుంది. రాత్రి పొద్దుపోయాక మాత్రమే బాక్సు ఇలా చేస్తుంటే డిష్‌ను కాదు, బ్యాటరీని చూడండి. మధ్యలో 12 వోల్టులు స్థిరంగా ఇచ్చే బక్-బూస్ట్ కన్వర్టరు, 5 ఆంపియర్లది, పెట్టాలి. బ్యాటరీ ప్లస్ దగ్గరే 5 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది తీసుకుంటే ఐదు మీటర్ల దూరానికి పోయేది 0.4 వోల్టులే. సన్న వైరు వేస్తే దానికి రెట్టింపు పోతుంది.

మే నెలలో తలుపులేసిన బండిలో వేడికి బాక్సు బిగుసుకుపోతుంది. దాన్ని టీవీ వెనక ఇరికించకుండా గాలి ఆడే అరలో పెట్టండి. గతుకుల దారికి టీవీని తాళం పడే బ్రాకెట్‌లో బిగించి, హెచ్‌డీఎంఐ వైరు బరువు సాకెట్ మీద పడకుండా క్లిప్పు వేయాలి.

ఫోన్ డేటా, రీఛార్జ్ డీటీహెచ్

16వ నంబరు జాతీయ రహదారి వెంట ఆగేవాళ్లకు ఫోన్ హాట్‌స్పాట్, టీవీకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ మంచి జోడీ. స్టిక్ 5 వోల్టుల యూఎస్‌బీతో నడుస్తుంది, డిష్ తిప్పే పని లేదు. ఖర్చు డేటాలో ఉంటుంది. మామూలు నాణ్యతలో గంటకు 0.7 జీబీ, హెచ్‌డీలో ఒకటిన్నర నుంచి మూడు జీబీ పోతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ హెచ్‌డీలో ఒక్క గంట. కాబట్టి యాప్‌లో నాణ్యత తగ్గించి పెట్టడం మరవద్దు. ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ ఛానళ్లు ఉచితంగా చూడవచ్చు. రేకు బాడీ లోపల ఫోన్ సిగ్నల్ పడిపోతుంది. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌ను కిటికీ అద్దం దగ్గర పెడితే చాలా తేడా కనిపిస్తుంది. వెలిగొండల పక్కకు పోయేకొద్దీ డేటా బలహీనపడుతుంది, అక్కడ ఆదుకునేది డిష్షే.

నెలవారీ డీటీహెచ్ మేం సిఫారసు చేసేది నెలలో ఇరవై రోజులు బండిలోనే ఉండే తెలుగు సీరియళ్ల ఇళ్లకు మాత్రమే. ఏడాదికి పది రోజులు తిరిగేవాళ్లు దానికి కట్టడం అనవసరం. ఇంట్లో కనెక్షన్ ఉంటే అదే బాక్సు తీసుకుని, ఆ కంపెనీకి సరిపోయే డిష్, ఎల్‌ఎన్‌బీ రెండో సెట్టు బండిలో ఉంచుకోవడం తక్కువ ఖర్చు. ఇంటి మీది డిష్‌ను ప్రతిసారీ ఊడదీయకండి. నెలల తరబడి వాడని బాక్సును రీఛార్జ్ చేసిన వెంటనే ఛానళ్లు రావు. సిగ్నల్ ఉన్న స్థితిలో అరగంట ఆన్‌లో ఉంచి, అప్పటికీ రాకపోతే కంపెనీ యాప్ నుంచి రీఫ్రెష్ పంపాలి. ముందు డిష్ సరిచేసి తర్వాత రీఛార్జ్ చేయడం అందుకే మంచిది.

కంపెనీ ఎంచుకునేటప్పుడు చెట్ల సంగతి చూడండి. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల దగ్గర ఉన్నాయి, నెల్లూరు నుంచి దాదాపు దక్షిణంగా, 73 డిగ్రీల ఎత్తులో. తోటల మధ్య ఆగే బండికి ఇది అన్నింటికంటే అనువు. ఎయిర్‌టెల్‌ది 108.2 డిగ్రీలు, అంటే తూర్పు ఆగ్నేయంగా 53 డిగ్రీల ఎత్తు మాత్రమే. బీచ్‌లో దానికి ఏ ఇబ్బందీ లేదు, మామిడి తోటలో ఉంటుంది. ఇంట్లో ఇప్పటికే ఎయిర్‌టెల్ ఉన్నవాళ్లు కంపెనీ మార్చనక్కర్లేదు, 15 మీటర్ల చెట్టుకు పన్నెండు మీటర్ల దూరం వదిలేట్టు కేబుల్ ఇంకో ఐదు మీటర్లు పొడవు తీసుకుంటే సరి.

బయల్దేరేముందు స్టాండు విప్పేటప్పుడు ఎల్‌ఎన్‌బీని దాని పట్టీ నుంచి ఊడదీయకండి, చెయ్యితో సహా తీసి పాత తువ్వాలులో చుట్టి మంచం కింద పెట్టండి. నాలుగున్నర గంటల కోణం అలాగే ఉండిపోతుంది. డిష్ రేకును మంచినీళ్ల తడిగుడ్డతో తుడిచి ఉప్పు పోగొట్టి, కేబుల్ రెండు మూతులకూ చిన్న ప్లాస్టిక్ మూతలు తొడగండి. మూతలు లేకపోతే పాల కవరు ముక్క, రబ్బరు బ్యాండు.